తెరలో పట్టని 'వద్దు'

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కంపెనీకి పనిచేసేవారు. కోడలు ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లలో కనిపించే తెరలు తయారుచేసేది. అత్తగారు వెనకగదిలో, బట్టల బీరువాకీ ఇస్త్రీ బల్లకీ మధ్య ఇరికించిన చిన్న మేజా దగ్గర కూర్చుని, ఆ తెరల మీద ఉండే ఇంగ్లీషు మాటల్ని జర్మన్‌లోకి మార్చేవారు.

అత్తగారు జుట్టు నెరిసేదాకా జర్మన్ పాఠాలు చెప్పిన మనిషి. పిల్లలు ఫోన్లలోనే భాషలు నేర్చుకోవడం మొదలెట్టాక ఆమె పనిచేసిన బడి మూతపడింది. కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. వంటింట్లో డబ్బాలన్నీ దింపి మళ్ళీ సర్దారు, సర్దినవే మళ్ళీ దింపారు. అప్పుడే కోడలి కంపెనీకి జర్మన్ తెలిసినవాళ్ళు కావలసివచ్చింది. కోడలు సంగతి చెవిన వేసింది. అత్తగారు మిగతావాళ్ళతో పాటే పరీక్ష రాసి, నెగ్గి, పనిలో చేరారు. ఆఫీసులో అందరూ ఆమెని జర్మన్ మేడమ్ అనేవారు.

కంపెనీ చేసేది పెద్దవయసువాళ్ళకి మందులు గుర్తుచేసే యాప్. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో, డాక్టరు మధ్యలో ఏదైనా మారిస్తే ఆ మార్పేమిటో ఫోన్ చెబుతుంది. జర్మన్ మాట్లాడే ఒక చిన్న పట్టణంలో కొన్ని ఇళ్ళల్లో దాన్ని ముందుగా వాడి చూడాలని ఏర్పాటు.

పని చూడ్డానికి తేలికే. ఒక్కో వరసలో ఒక్కో మాట వస్తుంది, పక్కన జర్మన్ మాట రాయాలి. చిక్కల్లా ఏమిటంటే ఆ మాటలు తలా తోకా లేకుండా వస్తాయి. 'క్లియర్' అని ఒక్క ముక్క ఉంటుంది. దేన్ని క్లియర్ చెయ్యాలి? తెర మీది రాతనా, జాబితానా? లేక అంతా క్లియర్‌గానే ఉందని చెప్పడమా? 'క్యాన్సిల్' అని ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకి అన్నిటికీ అదొక్కటే. జర్మన్‌లో టికెట్టు రద్దుచేస్తే ఒక మాట, డాక్టరు దగ్గరికి ఆ రోజు రానని చెబితే ఒక మాట, మొదలెట్టిన పని మధ్యలో ఆపితే వేరే మాట. అత్తగారికంటే ముందు ఈ పనిని యంత్రంతో చేయించారట. వెనక్కి వెళ్ళే బటన్ మీద 'బ్యాక్' అని ఉంటే యంత్రం దాన్ని 'వీపు' అని రాసిపెట్టింది. అది చూసిన రోజు అత్తగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

మొదట్లో అనుమానం వస్తే గోడవతల నుంచే కేకేసేవారు.

"అమ్మాయీ, ఈ 'టేక్' అంటే మాత్ర మింగడమా, ఫొటో తీయడమా?"

"మింగడమే అత్తయ్యా."

హాయిగా సాగిపోయేది. కానీ ఒకరోజు మీటింగులో, యాప్‌లో తప్పులు వెతికే కుర్రాడు నవ్వుతూనే ఒక మాటన్నాడు. "మీరిద్దరూ వంటింట్లో తేల్చుకుని వచ్చేస్తారు. మధ్యలో ఏం మారిందో మాకు తెలిసేదెలా?" నవ్వుతూ అన్నా అందులో నిజముంది. కోడలికి ముఖం చెల్లనట్టయింది. ఆ సాయంత్రం అన్నాల దగ్గర మెల్లగా ఎత్తింది.

"అత్తయ్యా, ఇకనుంచి ఆఫీసు సంగతులు ఆఫీసు చాట్‌లోనే అడుక్కుందాం. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా, అలాగే," అన్నారు అత్తగారు. కొంచెం అనుకున్నారు.

అప్పటినుంచి వెనకగదిలో ఆమె ప్రశ్న టైపు చేస్తే ముందుగదిలో టింగుమనేది. కోడలు జవాబు కొడితే వెనకగదిలో టింగుమనేది. ఆ చాట్‌లో అత్తగారు కోడల్ని కూడా 'మీరు' అనే రాసేవారు, ఆఫీసంటే ఆఫీసే. సెలవురోజున ఇంట్లో ఉన్న కొడుకు రెండు గదుల మధ్య సోఫాలో పడుకుని ఇదంతా వింటూ, "గొంతులు లేవా మీకు? టింగు టింగుమని ఏంటీ గోల? ఇల్లా, బస్సు డిపోనా?" అనేవాడు. ఇద్దరూ జవాబిచ్చేవారు కాదు.

వాడిచూడ్డానికి యాప్ పంపే ముందు ఇంకో పేచీ వచ్చింది. జర్మన్‌లో కూడా మన 'నువ్వు', 'మీరు' లాంటివి ఉన్నాయి. 'డూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. యాప్ ఏమని పిలవాలి?

మేనేజర్ చిన్నవాడు, ఉత్సాహవంతుడు. "మేడమ్, ఇప్పుడక్కడ యాప్‌లన్నీ 'డూ' అనే అంటున్నాయి. స్నేహంగా ఉంటుంది. మనం 'మీరు మీరు' అంటే గుమాస్తా మాట్లాడినట్టుంటుంది," అన్నాడు.

"అవి చెప్పులూ చొక్కాలూ అమ్ముకునే యాప్‌లు బాబూ," అన్నారు అత్తగారు. "మనది మందులు చెప్పేది. ఎనభై ఏళ్ళ పెద్దాయన పొద్దున్నే లేచి కళ్ళజోడు వెతుక్కుని ఫోన్ చూస్తే, ముక్కూ మొహం తెలియని యంత్రం 'ఏయ్, మాత్ర వేసుకో' అంటే ఎలా ఉంటుంది? మీ తాతగారితో మీరు అలా అంటారా?"

అందరూ నవ్వారు. మేనేజర్ కోడలి వైపు తిరిగాడు. "మీరేమంటారు? తెరలు మీవి కదా."

కోడలికి ఒక ఇబ్బంది ముందే తెలుసు. 'మీరు' అంటే ఆ మాటొక్కటే చేరదు. క్రియ మారుతుంది, వాక్యం సాగుతుంది. జర్మన్ మాటలు అసలే పొడుగు, ఆమె గీసిన బటన్లలో సగం ఇప్పటికే పొంగిపోతున్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. తెర మీద చిన్న చదరంలో అత్తగారి ముఖం కనిపించింది, గెలిచిన సంతోషంతో వెలిగిపోతూ.

"చూద్దాం, సర్దొచ్చు," అంది.

అలా 'మీరు' నెగ్గింది. ఆ వారమంతా అత్తగారు పనిలో ఎంత హుషారుగా ఉన్నారంటే, ప్రతి సూచనకీ 'దయచేసి' అనే అర్థమిచ్చే 'బిట్టె' కూడా చేర్చారు.

యాప్ పంపడానికి ఇంకా కొద్దిరోజులే ఉందనగా డాక్టర్లు కొత్త వాక్యం ఒకటి అడిగారు. ఏదైనా ఆపరేషన్ ఉన్న రోజు ఫలానా మాత్ర వేసుకోవద్దని చెప్పాలి. ఇంగ్లీషులో 'డూ నాట్' అనే మొదలవుతుంది. అత్తగారు దాన్ని జర్మన్‌లో మంచి మర్యాదగల వాక్యంగా రాశారు. 'నేమెన్ జీ' అని మొదలై, తర్వాత మందు పేరు, తర్వాత ఈరోజు, తర్వాత దయచేసి, ఆఖర్న 'నిష్ట్ ఐన్' అని ముగుస్తుంది. ఆ 'నిష్ట్' అన్నదే 'వద్దు'. ఇలాంటి వాక్యంలో అది చివరికే వస్తుంది. మన భాషలోనూ అంతే కదా: 'ఈ మాత్ర ఈరోజు దయచేసి వేసుకో' అన్నదాకా రెండూ ఒకటే, 'ండి' అంటున్నారా, 'వద్దు' అంటున్నారా అన్నది ఆఖరిదాకా వింటేగానీ తెలియదు.

పంపే ముందు ఆమె చాట్‌లో అడిగారు. "ఈ వాక్యం ఎక్కడ కనిపిస్తుంది? చోటు సరిపోతుందా? దయచేసి చెప్పగలరు."

కోడలు యాప్ తెరిచి చూసింది. లోపలి తెర మీద రెండు వరసల్లో శుభ్రంగా పట్టింది. "పూర్తిగా పడుతోంది, చూశాను," అని జవాబిచ్చింది.

ఆమె చూసింది నిజమే. అయితే అదే వాక్యం, ఫోన్ తాళంవేసి ఉన్నప్పుడు పైన మెరిసే చిన్న కబురుగా కూడా వెళుతుంది. ఆ ఏర్పాటు చేసింది కూడా కోడలే, అంతకు కొన్నాళ్ళ ముందు. ఆ కబురులో ఒకే వరస పడుతుంది. ఆ సంగతి ఆ క్షణాన ఆమెకి తట్టలేదు. ఇంగ్లీషులో పరీక్షించినవాళ్ళకీ తట్టలేదు, ఎందుకంటే ఇంగ్లీషు వాక్యం సగంలో తెగినా 'వద్దు' ముందే కనిపిస్తుంది.

ఆ పట్టణంలో ఈ ఇళ్ళన్నిటికీ తిరిగి చూసే నర్సు ఒకావిడ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ వీడియో కాల్ పెట్టమంది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని అత్తగారు ఆవిడ చెప్పేది విని, ఎప్పటికప్పుడు మిగతావాళ్ళకి తెలుగులో చెప్పాలి. మేనేజరూ తప్పులు వెతికే కుర్రాడూ ఆఫీసులో ఉన్నారు. కోడలు ముందుగదిలో, అత్తగారు వెనకగదిలో. అత్తగారి మాట కోడలికి రెండుసార్లు వినిపించేది: ముందు గోడలోంచి, రవ్వంత ఆలస్యంగా చెవిలో.

"ట్రామ్ నడిపి రిటైరైన పెద్దాయన ఒకరున్నారట," అని మొదలెట్టారు అత్తగారు. "ఒంటరిగా ఉంటారట. చేతికి చిన్న ఆపరేషన్ ఉందట. రక్తం పలచబడే మాత్ర ఆ పొద్దున వేసుకోవద్దని డాక్టరు మన యాప్‌లో పెట్టారట."

నర్సు చెప్పుకుపోతోంది. అత్తగారు మాట్లాడటం ఆపేశారు.

"ఏమంటోంది మేడమ్?" అన్నాడు మేనేజర్.

గోడవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత అత్తగారి గొంతు వచ్చింది. ఎప్పటి గొంతే, కాకపోతే పాఠం చెబుతున్నంత నిదానంగా. "పొద్దున్నే ఫోన్ మెరిసిందట. ఆయన చదివారట. 'రక్తం పలచబడే మాత్ర మీరు ఈరోజు దయచేసి' అన్నంతవరకే ఉందట. తర్వాత మూడు చుక్కలు. ఆయన వేసేసుకున్నారట."

ముందుగదిలో కోడలు ఆ కబురు పెట్టిన చోటు వెతికి తెరిచింది.

"ఆపరేషన్‌లో రక్తం ఆగలేదట. ఆస్పత్రిలోనే ఉంచుకున్నారట. ఇప్పుడు బాగానే ఉన్నారు, ఇంటికి కూడా వచ్చేశారని చెబుతోంది." కొంచెం ఆగి, "ఆ వాక్యం ఎవరు రాశారని అడుగుతోంది," అన్నారు. తర్వాత జర్మన్‌లో ఒక చిన్న మాట అన్నారు. కోడలికి జర్మన్ రాదు. అయినా ఆ మాట 'నేనే' అయి ఉంటుందని అర్థమైంది.

ఆ సాయంత్రం కొడుకు పనినుంచి వచ్చేసరికి దీపాలు వెయ్యలేదు. తల్లి వెనకగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. భార్య ముందుగదిలో మూసిన కంప్యూటర్ ముందు కూర్చునుంది.

"ఏమైంది?" అన్నాడు.

"ఆఫీసు విషయం," అని రెండు గదుల్లోంచీ ఒకేసారి వచ్చింది.

అతను ఇంకేం అడగకుండా వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాడు.

అంతలో కోడలికి మేనేజర్ ఫోన్ చేశాడు. ఆమె బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడింది. అతను చెడ్డవాడేమీ కాదు, భయపడ్డాడు అంతే. అవతలివాళ్ళకి ఏదో ఒకటి రాసి పంపాలి. అనువాదంలో పొరపాటు జరిగింది, అనువాదకుల్ని మార్చేశాం అని రాస్తే ఒక్క ముక్కలో తేలిపోతుంది. "మేడమ్‌కి ఇప్పుడు ఈ పని లేకపోతే గడవని పరిస్థితేం కాదు కదా. మీ తెరల జోలికి ఎవరూ రారు. మీరు సరేనంటే అలా రాసేస్తాను," అన్నాడు. రేపు చెబుతానంది.

లోపలికొచ్చి, తిన్నగా వెనకగదికి వెళ్ళి, ఇస్త్రీ బల్ల పక్కన మంచం అంచున కూర్చుంది. అతను చెప్పింది చెప్పినట్టు అత్తగారికి చెప్పేసింది.

అత్తగారు చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తిచేశారు. "రాయనీ. అదే మంచిది. నాకేముంది, పాఠాలు చెప్పుకున్నదాన్ని, ఇది దొరికిందీ అదృష్టమే. నీకు ముందు బోలెడు ఉద్యోగం ఉంది. పైగా ఆ వాక్యం నాదే."

"వద్దు."

"అది కాదమ్మాయీ..."

"వద్దంటున్నాను కదా అత్తయ్యా."

కోడలు ఆమె మాటకి అడ్డురావడం అదే మొదటిసారి. ఇద్దరికీ అది తెలిసింది. కోడలు తల దించుకుని దుప్పటి అంచు సవరించింది.

"చోటు సరిపోతుందా అని మీరడిగారు. సరిపోతుందని చెప్పింది నేను. పైన మెరిసే కబురు పెట్టింది కూడా నేనే. అసలు ఆ రోజు మీరు 'మీరు' అనాలన్నప్పుడే, వాక్యాలు పట్టవండీ అని చెప్పాల్సింది. తెలిసే ఊరుకున్నాను."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావ్?"

"నలుగురి ముందు మీ మాట కాదనడం ఎలా?"

అత్తగారు మడతపెట్టిన తువ్వాలు పక్కన పెట్టారు. "అంటే ఆఫీసులో కూడా నేను నీకు అత్తగార్నేనా?"

"మరి కాదా?"

అత్తగారికి కోపం రాబోయి రాకుండానే పోయింది. "ఆ చాట్‌లో నిన్ను పట్టుకుని 'మీరు మీరు' అని రాసి చచ్చాను కదే, ఇందుకా?" అన్నారు. కోడలికి నవ్వొచ్చింది, నవ్వుతోనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వంటింట్లోంచి కొడుకు, "అన్నం అయింది, ఆఫీసు అయిపోతే రండి," అని కేకేశాడు.

మర్నాటి మీటింగులో కోడలు ముందుగా మాట్లాడింది. తెర పొరపాటు తనదని, అది అనువాదం తప్పని రాస్తే తాను సంతకం పెట్టనని చెప్పింది. ఆమె ముగించకముందే అత్తగారు అందుకున్నారు. "వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పులేదు. కానీ ముఖ్యమైన మాట చివర పెట్టి, దాని ముందు మర్యాదలన్నీ పేర్చింది నేను. అదీ రాయండి."

మేనేజర్ నుదురు రుద్దుకున్నాడు. "ఎక్కడైనా తప్పు నాది కాదు నాది కాదంటారు. మీ ఇంట్లో వేలంపాట పాడుతున్నట్టుంది," అన్నాడు. చివరికి జరిగింది జరిగినట్టే రాశాడు.

అందుకు ఫలితం అనుభవించక తప్పలేదు. వాడిచూడటం అవతలివాళ్ళు కొంతకాలం నిలిపేశారు. మళ్ళీ మొదలెట్టాలంటే ప్రతి వాక్యాన్నీ తమ దేశపు మనిషి ఒకరు సరిచూడాలన్నారు. అత్తగారికి కొత్త పని ఇవ్వడం ఆగిపోయింది. ఆమె మళ్ళీ వంటింట్లో డబ్బాలు దింపడం మొదలెట్టారు. ఒకరోజు డబ్బా మూత చేతిలో ఉండగానే ఆగిపోయి, కోడలి దగ్గరికి వచ్చారు.

"ఆ పెద్దాయనతో ఒకసారి మాట్లాడాలనుంది. కుదురుతుందా?"

నర్సు కుదిర్చింది. ఈసారి అత్తగారు ముందుగదిలోనే, కోడలి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెర మీద పెద్ద చెవులు, తెల్లటి కనుబొమలున్న ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. వెనకాల గోడకి ఒక గడియారం, దాని కింద ఒంటికుర్చీ. అత్తగారు ముందుగా రాసిపెట్టుకున్న క్షమాపణ చెప్పబోయారు. ఆయన చెప్పనివ్వలేదు.

"ఆ 'బిట్టె' పెట్టింది మీరేనా?"

"నేనేనండీ."

"నా ఫోన్ ఇన్నాళ్ళలో నన్ను ఎప్పుడూ బతిమాలలేదు. అది అంత మర్యాదగా 'మీరు దయచేసి' అంటే, ఏదో మాత్ర మరిచిపోయాను కాబోలు, పాపం అడుగుతోంది అనుకున్నాను. మింగేశాను."

నవ్వాలో ఏడవాలో తెలియక అత్తగారు కోడలికి ఆ మాటలు తెలుగులో చెప్పారు. కోడలికీ తెలియలేదు.

"ఫోన్ రాకముందు మీకు మందులు ఎవరు గుర్తుచేసేవారు?" అని అడిగారు అత్తగారు.

"మా ఆవిడ. అసలు అప్పట్లో నాకు మాత్రల పేర్లే తెలియవు. పొద్దున్నే పళ్ళెం పక్కన పెట్టేది. వద్దన్న రోజు పెట్టేది కాదు. అంతే. దాని గురించి మాకు మాటలే ఉండేవి కావు."

ఇంకాసేపు మాట్లాడుకున్నారు. ట్రామ్ గురించి, చెయ్యి గురించి, వాళ్ళావిడ పోయి ఎంతకాలమైందన్న దాని గురించి. కాల్ అయిపోయాక అత్తగారు లేవలేదు.

"వద్దన్న రోజు పళ్ళెం పక్కన ఏమీ ఉండదట," అన్నారు.

"మన యాప్‌లో మాత్ర బొమ్మ మాత్రం ఉంటుంది," అంది కోడలు. "వద్దన్నా వేసుకోమన్నా అదే బొమ్మ, అదే రంగు. అసలు దాన్నే తీసేయాలి."

"తీసేస్తే మరిచిపోయారనుకుని వెతుక్కుని వేసుకుంటారేమో?"

"అయితే కొట్టేసిన బొమ్మ పెడదాం."

"పెట్టి, పక్కన మాట కూడా ఉండాలి. చదవగలిగినవాళ్ళు చదువుతారు."

ఆ రోజు నుంచి అత్తగారి కుర్చీ ముందుగదిలోనే ఉండిపోయింది. ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. కోడలు దొరికినవాటిలో చిన్న తెరగల పాత ఫోన్ ఒకటి సంపాదించింది. ప్రతి వాక్యాన్నీ అందులోకి పంపి, కుడివైపు సగాన్ని బొటనవేలితో మూసి పట్టుకునేది. "ఇంతవరకే కనిపిస్తే ఏం అర్థమవుతుంది అత్తయ్యా?"

"ఏదో తినమంటోంది."

"తినకూడదని కదా?"

"'కూడదు' నీ వేలి కింద ఉంది."

అలాంటివి ఇంకా బయటపడ్డాయి. భోజనానికి ముందు వేసుకోకూడనిది ఒకటి, పాలతో కలిపి వేసుకోకూడనిది ఒకటి. ప్రతిదానికీ వాక్యం తిరగేయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్ రోజు వాక్యం కోసం అత్తగారు చాలా కుస్తీపట్టారు. చివరికి 'హోయ్టె కైన్' అని మొదలెట్టారు. అంటే 'ఈరోజు లేదు' అని ముందే చెప్పేసి, తర్వాత మందు పేరు. వాక్యం సగంలో తెగినా అర్థం తెగదు. అందులో 'మీరు' లేదు, 'నువ్వూ' లేదు. క్రియే లేదు.

"బిట్టె కూడా పోయింది," అన్నారు అత్తగారు దిగులుగా.

"మర్యాద ఎక్కడికీ పోలేదు అత్తయ్యా. తోక కత్తిరించాం, అంతే."

"తోక అనకు. బిట్టె నాకు ఇష్టమైన మాట."

"సరే. లోపలి తెర మీద ఉంచుదాం. అక్కడ చోటుంది."

అత్తగారు ఈ బేరానికి ఒప్పుకున్నారు. కుదరనివీ ఉన్నాయి. 'తర్వాత గుర్తుచెయ్యి' అనే బటన్ మీద రెండురోజులు వాదించుకున్నారు. కోడలు మాట కుదించమంది, అత్తగారు బటన్ పెంచమన్నారు. తప్పులు వెతికే కుర్రాణ్ణి తీర్పు చెప్పమంటే, "ఇంకెప్పుడూ వంటింటి గురించి మాట్లాడను, నన్ను వదిలేయండి," అన్నాడు. చివరికి బటనే పెరిగింది.

అవతలి దేశం నుంచి సరిచూడటానికి వచ్చినావిడ కూడా టీచరే. కొన్ని మాటలు మార్చింది, రెండుచోట్ల అత్తగారి జర్మన్ పాతబడిందని మొహమాటం లేకుండా రాసింది. చదివినప్పుడు అత్తగారి ముఖం చిన్నబోయింది. తర్వాత ఆ రెండు మాటల గురించి వాకబు చేసి, ఒకటి ఒప్పుకుని, ఇంకోదాని మీద జవాబు రాశారు. ఆవిడ ఆ జవాబుకి సరేనంది. వాడిచూడటం మళ్ళీ మొదలైంది.

ముసలాయన యాప్ వాడటం మానలేదు. ఏ మార్పు చేసినా ముందు తనకే పంపమన్నాడు. చెయ్యి బాగయ్యాక రెండు చేతులతోనూ ఫోన్ పట్టుకుని, అందులో ఏ అక్షరం చిన్నదిగా ఉందో, ఏ రంగు కంటికి ఆనదో ఏకరువు పెట్టేవాడు. అత్తగారు అవన్నీ కోడలికి చెప్పేవారు. అలా చలికాలం గడిచింది. ఒకరోజు మాట్లాడటం ముగించి ఇయర్‌ఫోన్లు తీసిన అత్తగారు వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"ఏమన్నారు?" అంది కోడలు కంగారుగా. "మళ్ళీ ఏమైనా తెగిందా?"

"కాదు. మనం 'డూ' అనుకుందామా అని అడిగాడు."

"అంటే నువ్వు నువ్వు అనుకోవడమా?"

"అంటే అంతే. కానీ అక్కడ అదంత చిన్న విషయం కాదు. వయసులో పెద్దవాళ్ళు అడగాలి. ఒకసారి అనుకున్నాక వెనక్కి తీసుకోరు. ఏటేటా పిల్లలకి ఈ పాఠం చెప్పేదాన్ని. ఒకణ్ణి లేపి అడగమనేదాన్ని, ఇంకొకణ్ణి ఒప్పుకోమనేదాన్ని. నన్నెవరూ అడగలేదు."

"మరి మీరేమన్నారు?"

"ఆలోచించి చెబుతానన్నాను."

కోడలు పకపకా నవ్వింది. "పెళ్ళికి అడిగినట్టు ఆలోచించడమేంటి అత్తయ్యా? పాపం ఆయన ఫోన్ ముందే కూర్చునుంటారు."

అత్తగారు ఆమెని కసిరి, మంచినీళ్ళు తాగొచ్చి, ఇయర్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకున్నారు. కోడలు తెర వైపు చూస్తున్నట్టు నటిస్తూ విన్నది. ఆమెకి అర్థమైంది 'డూ' ఒక్కటే. అది పలికేటప్పుడు అత్తగారి గొంతు, కొత్త ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టినట్టు కాస్త తడబడింది. అవతల ముసలాయన ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వసంతంలో కంపెనీకి ఇంకో పెద్ద పని వచ్చింది. ఈసారి ఆస్పత్రుల్లో వాడే తెరలు. ఒప్పందంలో మేనేజర్ తనంతట తానే ఒక మాట చేర్చాడు: అనువదించేవాళ్ళకి ప్రతి వాక్యంతోపాటు అది కనిపించే తెర కూడా చూపించాలని. మొదటి విడత వచ్చిన పొద్దున అత్తాకోడళ్ళు కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. వరసలో మొదటి మాట 'డిశ్చార్జ్'.

"రోగిని ఇంటికి పంపడమా, బ్యాటరీ అయిపోవడమా?" అన్నారు అత్తగారు.

"తెర చూడండి. పక్కనే ఉంది కదా."

"చూశాను. మంచం బొమ్మా ఉంది, బ్యాటరీ బొమ్మా ఉంది."

కోడలు వంగి చూసింది. నిజంగానే రెండూ ఉన్నాయి. "అయ్యో, ఇది ఎవరు గీశారు?" అని గొణిగి, ఫోన్ తీసింది. సోఫాలో పేపరు చదువుకుంటున్న కొడుకు, తలుపు తీసే ఉంది కాబట్టి వీధివైపు గాలి బాగా వస్తోందనీ, కాఫీ కావాలంటే ఇప్పుడే చెప్పమనీ అన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. అతనే లేచి పెట్టుకొచ్చాడు.